గుర్తు తెలియని స్త్రీ

చిన్నకోడలు ఎమ్మే చదువుతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఏం చదువని మాత్రం అడిగారు. కళాచరిత్ర అనీ, దాంతోపాటు ప్రదర్శనలు ఎలా ఏర్పాటు చెయ్యాలో కూడా నేర్పుతారనీ చెప్పింది.

"అంటే గోడకి పటాలు తగిలించడమా?" అన్నారు అత్తగారు. "దానికి రెండేళ్ళెందుకమ్మా? మనింట్లో ఒక్క పూటలో తగిలించేశాం."

అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది కానీ ఆ నవ్వు మొహానికి అతకలేదు. మేకు ఎవరైనా కొడతారు. ఏ పటం పక్కన ఏది ఉండాలో, కింద ఏం రాయాలో, రాసినదానికి ఆధారమేమిటో తేల్చడమే తన చదువని చెప్పాలనుకుంది. చెబితే అత్తగారి దగ్గర దానికి ఇంకో మాట తయారుగా ఉంటుంది. అందుకని ఊరుకుంది.

ఆ చదువు సాగిందంటే పెద్దకోడలి చలవే. తోడికోడళ్ళంటే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనాలని లోకం నమ్మకం. ఈ ఇంటి విషయంలో చుట్టుపక్కలవాళ్ళకి ఆ ముచ్చట తీరలేదు. "నువ్వు వెళ్ళిరా, పిల్ల సంగతి నాకొదిలెయ్" అంది పెద్దకోడలు. తన మగపిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసుకొచ్చి, కాస్త నడుం వాల్చే తీరిక దొరికిన మనిషి మళ్ళీ మొదటికొచ్చి పాలసీసాలు కడిగింది. చిన్నకోడలి కూతురు నడక నేర్చింది పెద్దమ్మ కొంగు పట్టుకునే. జ్వరం వచ్చి పలవరిస్తే పెద్దమ్మనే పిలిచేది. మొదటిసారి ఆ పలవరింత విన్నప్పుడు చిన్నకోడలికి రోషం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. సిగ్గుతో వచ్చిన చిక్కే అది, రోజూ పడుతుంటే అది కూడా ఇంట్లో మనిషైపోతుంది.

రెండో ఏడాది చివర ఒక్కొక్క విద్యార్థికీ ఒక గది ఇస్తారు. గదిలో ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో అంతా వాళ్ళదే. ఆ గదే పరీక్ష. చిన్నకోడలు రంగులద్దిన పాత స్టూడియో ఫొటోలు ఎంచుకుంది. రంగు ఫిల్ము రాని రోజుల్లో నలుపూ తెలుపూ ఫొటో తీసి, దానిమీద సన్నటి కుంచెతో బుగ్గలకి ఎరుపు, బట్టలకి నీలం, నగలకి పసుపు వేసేవాళ్ళు. వాటిని అప్పట్లో ఎవరూ కళ అనలేదు, ఇప్పుడు అంటున్నారు. చిన్నకోడలు ఆ గాలిని సరిగ్గా పట్టుకుంది. అంతవరకు ఆమె తెలివిని తప్పుపట్టలేం.

అలాంటి పటం ఒకటి వాళ్ళ ముందుగదిలోనే ఉంది. పెద్దకోడలి తల్లిది. పెద్దకోడలికి మాటలు రాకముందే ఆవిడ పోయింది. ఇంకో ఫొటో అంటూ లేదు. ఉన్న ఆ ఒక్క పటాన్నీ కూతురి పెళ్ళిలో తండ్రి ఆమె పెట్టెలో బట్టల మధ్య పెట్టి పంపాడట. నీలం బట్టల్లో, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద ఆన్చి నిలబడ్డ స్త్రీ. గడ్డం మీద పుట్టుమచ్చ. పెద్దకోడలు రోజూ పొద్దున్నే ఆ అద్దాన్ని కొంగుతో తుడిచేది. దండం పెట్టడమో, మాట్లాడటమో ఏమీ ఉండేది కాదు. తుడిచి వంటింట్లోకి పోయేది, అంతే.

"అక్కా, మీ అమ్మగారి పటం కొన్నాళ్ళు ఇస్తావా?" అని అడిగినప్పుడు చిన్నకోడలికి నిజంగానే మొహమాటమేసింది. ఇప్పటికే తీసుకున్నది తక్కువా?

"దానికి అడగాలా?" అంది పెద్దకోడలు. ఆమె మొహం దీపం పెట్టినట్టయింది. "మా అమ్మ బొమ్మని అంతమంది చూస్తారా?" పటాన్ని తన మెత్తని పాత దుప్పట్లో చుట్టి ఇచ్చింది. ఆ సాయంత్రానికే ఎదురింటివాళ్ళకి, కుట్టుమిషనావిడకి, పిల్లల బడి టీచరుకి కూడా ఆ కబురు చేరిపోయింది. ఆమె చెప్పుకున్న తీరు చూస్తే తల్లి బతికి లేచి సభలో ప్రసంగించబోతోందని అనుకోవాలి.

అసలు సంగతి బయటపడింది చిన్నకోడలు చదివే విభాగం సామాన్ల గదిలో. ఎప్పుడో మూతపడ్డ ఒక స్టూడియో తాలూకు గాజు నెగెటివ్‌లు అక్కడ చెక్కపెట్టెల్లో ఉన్నాయి. చిన్నకోడలు చేతులకి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటే వెలుగు బల్ల మీద పెట్టి చూస్తోంది. ఒకటి పెట్టగానే చెయ్యి ఆగిపోయింది. కుర్చీ అదే. కుర్చీ వీపు మీద ఆన్చిన చెయ్యి అదే. వెనక తెర మడత కూడా అదే. నెగెటివ్‌లో తెల్లగా ఉండాల్సినది నల్లగా, నల్లగా ఉండాల్సినది తెల్లగా ఉన్నా, రోజూ కాఫీ తాగుతూ చూసే మొహాన్ని పోల్చుకోలేకపోతుందా? పుట్టుమచ్చ మాత్రం లేదు. గాజు అంచున ఫొటోగ్రాఫరు సూదిమొనతో గీసిన సంవత్సరం ఉంది. ఆ సంవత్సరానికి పెద్దకోడలి తల్లి ఇంకా పుట్టనేలేదు.

చిన్నకోడలి ప్రొఫెసరు మెడలో తాడుకి ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతుంటుంది. అందుకని విద్యార్థులు ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టారు. భూతద్దం వచ్చి, పటాన్ని చట్రంలోంచి తీయించి, గడ్డం దగ్గర చాలాసేపు చూసింది.

"ఇది ఫొటోలో లేదమ్మా. కుంచెతో పెట్టిన చుక్క. ఇదిగో, రంగు కొంచెం పైకి లేచింది చూడు."

తర్వాత విభాగం వాళ్ళు పాతసామాన్ల కొట్లో కొన్న పటాల్లో వెతికితే అదే స్త్రీ ఇంకోచోట దొరికింది. అక్కడ ఆమెకి ఆకుపచ్చ బట్టలు, కళ్ళజోడు. కళ్ళజోడు కూడా కుంచెదే. భూతద్దం విడమరిచి చెప్పింది. ఫొటో అంటూ తీయించుకోకుండానే పోయిన మనుషులు చాలామంది ఉండేవాళ్ళు. ఇంటివాళ్ళు ఏడుస్తూ స్టూడియోకి వచ్చి బొమ్మ కావాలనేవాళ్ళు. ఎలా ఉండేదని స్టూడియోవాళ్ళు అడిగేవాళ్ళు. గుండ్రటి మొహం, గడ్డం మీద మచ్చ అని వీళ్ళు చెబితే, తమ దగ్గరున్న ఫొటోల్లో దగ్గరగా ఉన్నది తీసి, చెప్పిన గుర్తులు పెట్టి, రంగులద్ది ఇచ్చేవాళ్ళు. అసలు ఫొటోలో ఉన్నామె ఎవరో ఎవరికీ తెలియదు. ఈపాటికి ఆవిడ తాలూకు వాళ్ళకి కూడా తెలియకపోవచ్చు.

"నీ గదికి ఇంతకంటే ఏం కావాలి?" అంది భూతద్దం. "నెగెటివూ, రెండు పటాలూ ఒక్క గోడ మీద పక్కపక్కన పెట్టు. ఇంకేం పెట్టకపోయినా ఫర్వాలేదు."

చిన్నకోడలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒప్పుకోవలసిన సంగతి అది. అయ్యో పాపం పెద్దకోడలు అని ముందు అనుకుని తర్వాత సంతోషించిందని చెబితే అబద్ధమవుతుంది. ముందు ఆమెకి కనిపించింది ఆ గోడే. పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చే పెద్దమనిషి ఒక పెద్ద గాలరీకి అధిపతి. తన దగ్గర సహాయకుల ఉద్యోగానికి ఈ గదులు చూసే ఒకరిని ఎంచుకుంటాడని అందరూ చెప్పుకుంటున్నారు. ఈ గోడ చూశాక అతను ఇంకొకరిని ఎంచుకుంటే వింతే.

బస్సులో సగం దారి వచ్చాక గాని పెద్దకోడలు గుర్తు రాలేదు. వచ్చాక మిగతా సగం దారీ చిన్నకోడలు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. తల్లి బొమ్మ అని ఇచ్చిన మనిషికి ఇది మీ అమ్మ కాదని ఎలా చెప్పడం? చెప్పాక, నా పటం నాకిచ్చెయ్ అంటే? అలా అనే హక్కు ఆమెకుంది. అంటే గోడ పోతుంది, గోడతో పాటు ఉద్యోగం కూడా. తను అక్క బాధకంటే ముందు గోడ గురించే ఆలోచిస్తోందని కూడా చిన్నకోడలికి తెలుసు. అందుకే మరీ సిగ్గేసింది.

"ఇంట్లోవాళ్ళతో మాట్లాడావా?" అని భూతద్దం మర్నాడే అడిగింది. "ఇలాంటివి గోడమీదకి ఎక్కే ముందు బొమ్మ ఇచ్చినవాళ్ళకి చెప్పాలి. వాళ్ళు సరేనన్నాకే లేబుల్. మన పనికి అది మొదటి మర్యాద."

"మాట్లాడతాను మేడమ్."

మాట్లాడాలని ప్రయత్నించలేదని కాదు. ఒకరోజు పెద్దకోడలు అంట్లు తోముతుంటే పక్కన నిలబడి కడిగిన గిన్నెలు అందుకుంటూ, "అక్కా, మీ అమ్మగారి పటం గురించి ఒక మాట" అని మొదలుపెట్టింది.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా" అంది పెద్దకోడలు. "కింద పేరు రాస్తారా? రాస్తే ఇంటిపేరుతో సహా రాయమను. మా నాన్నకి అదొక తృప్తి ఉండేది, పాపం ఉంటే."

చిన్నకోడలు చేతిలోని గిన్నెని మళ్ళీ తుడిచింది. "పద్ధతి ఎలా ఉంటుందో కనుక్కుంటానక్కా" అంది.

ఇంకోరోజు మళ్ళీ వెళితే పెద్దకోడలు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ప్రదర్శన మొదటిరోజుకి కట్టుకోవాల్సినవి. ఎప్పుడూ పెట్టె అడుగున ఉండే మంచి బట్టలు. "ఈ రంగు బావుంటుందా? అక్కడికి వచ్చేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు కదా, మరీ పెళ్ళికి వచ్చినట్టు ఉంటుందేమో?" అని అడిగింది. బావుంటుందక్కా అని చెప్పి చిన్నకోడలు అక్కడినుంచి తప్పుకుంది. ఆ తర్వాత మాట్లాడటానికి ప్రయత్నించలేదు కూడా. రేపు చెబుదాం అనుకోవడం ఎంత తేలికో, నిన్న చెప్పాల్సింది అనుకోవడం అంత కష్టం. రోజులు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాటకంటే చెప్పకుండా ఉన్న రోజులే పెద్ద తప్పైపోయాయి.

భూతద్దం మళ్ళీ అడిగినప్పుడు, "చెప్పాను మేడమ్, ఏమీ అనుకోలేదు" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

లేబుల్ రాయడానికి వారం పట్టింది. ఆ పనిలో మాత్రం ఆమె తేడా రానివ్వలేదు. ప్రతి మాటకీ ఆధారం ఉండాలి. లేని మాట ఉండకూడదు. చివరికి ఇలా తేలింది.

"గుర్తు తెలియని స్త్రీ. స్టూడియో ఫొటో, చేత్తో వేసిన రంగులు. ఫొటో లేకుండా మరణించినవారి కుటుంబాల కోసం స్టూడియో ఈ ఒకే చిత్రాన్ని చిన్న చిన్న మార్పులతో ఇస్తూ ఉండేది. గడ్డం మీది మచ్చ కుంచెతో చేర్చినది. ఒక కుటుంబం ఈమెను తమ తల్లిగా భావిస్తూ వచ్చింది."

భూతద్దం చదివి, ఒక్క అక్షరం కూడా మార్చలేదు. రెండేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. మామూలుగా అయితే చిన్నకోడలు ఆ రోజు ఎగిరి గంతెయ్యాలి.

మిగిలిన దారి ఒక్కటే, పెద్దకోడలిని మొదటిరోజు రాకుండా చెయ్యడం. "మొదటిరోజంతా ఉపన్యాసాలేనక్కా, విసుగు. నిలబడలేక చస్తారు. తర్వాత ఒకరోజు తీరిగ్గా నేనే తీసుకెళ్తాను" అంది. ఆ తర్వాత ఒకరోజు ఏం చేసేదో ఆమెకే తెలియదు. లేబుల్ మీద చెయ్యి అడ్డం పెట్టేదేమో.

"ఉపన్యాసాలు నేను వింటాను" అన్నారు అత్తగారు. "మన ఇంటి పటం పెడుతుంటే మనం వెళ్ళకపోతే ఎట్లా? అబ్బాయి తీసుకొస్తాడులే, నువ్వు ముందుపో."

చిన్నకోడలి మొగుడు మంచివాడు. మంచివాడు కాబట్టే ఏమీ తెలుసుకోకుండా, అమ్మనీ వదిననీ కూతుర్నీ సరిగ్గా వేళకి తీసుకొచ్చాడు.

గది చక్కగా కుదిరింది. తెల్లటి గోడలు, పటాలన్నీ నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో, ఒక్కొక్క దానిమీదా విడిగా పడే పల్చటి వెలుతురు. పరీక్షకుడు నీరుకావి రంగు కోటు వేసుకున్న నెమ్మదైన మనిషి. గుమ్మం దగ్గరి గోడ చూస్తూ భూతద్దంతో మాట్లాడుతున్నాడు. చిన్నకోడలు ఆయన వైపు ఒక కన్ను, తలుపు వైపు ఒక కన్ను వేసి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పెద్దకోడలు లోపలికి వచ్చింది. ఇస్త్రీ చేసిన మంచి బట్టల్లో, చేతిలో చిన్నదాని చెయ్యి పట్టుకుని. గది చుట్టూ ఒకసారి చూసి, తల్లి ఎక్కడుందో కనిపెట్టి, నవ్వుతూ తిన్నగా అక్కడికే నడిచింది.

చిన్నకోడలు పరీక్షకుడి వైపు చూసింది. వెళ్ళి ఆపాలంటే ఇప్పుడైనా ఆపొచ్చు. పక్కకి లాగి, అక్కా క్షమించు అని చెవిలో చెప్పడానికి వ్యవధి ఉంది. కానీ పరీక్షకుడు అదే వైపు వస్తున్నాడు.

పెద్దకోడలు ముందు తన పటం చూసింది. తర్వాత పక్కనున్న ఆకుపచ్చ బట్టల కళ్ళజోడావిడని చూసింది. మళ్ళీ తన పటం వైపు, మళ్ళీ పక్కకి. లేబుల్ అక్షరాలు చిన్నవి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని దాని దగ్గరకి వంగి పైకి చదివారు. ఆవిడకి ఏదైనా పైకి చదవడమే అలవాటు.

"గుర్తు తెలియని స్త్రీ. ఇదేం రాత? పేపర్లో రైలు పట్టాల పక్కన దొరికినవాళ్ళకి రాస్తారు అట్లా." ఆవిడ ఇంకా చదువుతూ పోయారు. పోనుపోను గొంతు తగ్గింది. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. అప్పటికే పెద్దకోడలు వంగి తనే చదువుకుంటోంది, పెదవులు కదుపుతూ. చదివి నిలబడింది.

"భావిస్తూ వచ్చింది అంటే నేనేనా?" అని అడిగింది, ఎవరినీ చూడకుండా.

పెద్దకోడలు పటానికి తగలకుండా, గడ్డం దగ్గరికి వేలు తీసుకెళ్ళి, "ఇది కూడా వేసిందేనా?" అంది.

"అవునక్కా."

అంతకుమించి మాట్లాడే అవకాశం లేకపోయింది. పరీక్షకుడు వచ్చేశాడు. నెగెటివ్ చూశాడు, రెండు పటాలూ చూశాడు, లేబుల్ చదివాడు. రెండోసారి చదివాడు. "చాలా బాగుంది" అన్నాడు. ఎంత మెల్లగా మాట్లాడే మనిషైనా ఆ మాట గదంతా వినిపించింది. "నాకు ఒక్కటే సందేహం. ఇది ఇచ్చిన కుటుంబం ఉంది కదా. ఈ సంగతి తెలిశాక వాళ్ళెలా తీసుకున్నారు? ముందుగా చెప్పారా?"

పక్కనే భూతద్దం ఉంది, ముందే అబద్ధం విని ఉన్న మనిషి. వెనక పెద్దకోడలు ఉంది. మూడు అడుగుల దూరం కూడా లేదు. నిజం చెబితే ఈ గది, ఈ రెండేళ్ళు, అన్నీ ఇక్కడే అయిపోతాయి.

"చెప్పానండి" అంది చిన్నకోడలు. "ఒప్పుకున్నారు."

"వారిని కలవొచ్చా?"

అలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. సమాధానం కోసం వెతుక్కుంటుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"నేనేనండి" అంది పెద్దకోడలు. "మా అమ్మ పటమే. ముందే చెప్పింది. చదువు కోసమే కదా, పెట్టుకోమన్నాను."

అత్తగారు నోరు తెరిచి, పెద్దకోడలి మొహం చూసి, మూసేశారు. ఆవిడ జన్మలో నోరు తెరిచి ఊరికే మూసింది అప్పుడే. పరీక్షకుడు పెద్దకోడలికి నమస్కారం పెట్టి, "మీలాంటివాళ్ళు ఒప్పుకోబట్టే ఇలాంటి పని సాధ్యమవుతుంది. ఈ అమ్మాయి అదృష్టవంతురాలు" అన్నాడు. పెద్దకోడలు తల ఊపింది. చిన్నదాన్ని ఎత్తుకుని, మిగతా గోడలు కూడా ఒక్కొక్కటే చూస్తూ, అందరిలాగే గది చుట్టూ తిరిగింది.

చిన్నకోడలు సిగ్గుతో చచ్చిపోయింది. ఊరికే మాటవరసకి అనడం కాదు. ఆ తర్వాత ఎవరెవరు వచ్చి అభినందించారో, ఎవరికి ఏం జవాబు చెప్పిందో ఆమెకి గుర్తు లేదు. తనని ఆ మనిషి అందరిముందూ నిలదీస్తుందని భయపడింది. నిలదీయలేదు సరికదా, తన అబద్ధాన్ని తనవైపునుంచి పట్టుకుని మోసింది. తిట్టినా దులుపుకోవచ్చు. దీన్ని ఏం చెయ్యాలి?

ఆ తర్వాత ఇంట్లో ఏమీ జరగలేదు. అదే భరించడం కష్టమైంది. పెద్దకోడలు ఎప్పటిలాగే లేచింది, వండింది, చిన్నదానికి జడలు వేసింది, చిన్నకోడలి డబ్బా కట్టి ఇచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పింది. అడగనిది చెప్పలేదు. చిన్నకోడలు తేలు కుట్టిన దొంగలా తిరిగింది. అన్నం వడ్డిస్తుంటే తలెత్తి చూడలేకపోయింది. అత్తగారు కూడా ప్రదర్శన ఊసెత్తలేదు. అత్తగారు ఊరుకున్నారంటే ఇంట్లో పెద్ద విషయమే జరిగినట్టు లెక్క.

ఫలితాలొచ్చాయి. చిన్నకోడలే మొదట నిలిచింది. గాలరీ నుంచి ఫోనొచ్చింది, వచ్చే నెల నుంచి పనిలోకి రమ్మన్నారు. మొగుడు మిఠాయి డబ్బా తెస్తే పెద్దకోడలు ఒక ముక్క తీసుకుని తింది. "మంచిది" అంది. చిన్నకోడలు తన ముక్కని తినకుండా డబ్బాలో పెట్టేసింది.

ప్రదర్శన ముగిశాక ఒక మధ్యాహ్నం పటాన్ని ఇంటికి తెచ్చింది. మగవాళ్ళు పనులకి వెళ్ళారు, మగపిల్లలు బడిలో ఉన్నారు, అత్తగారు చిన్నదాన్ని పక్కన వేసుకుని నిద్రపోతున్నారు. పెద్దకోడలు ముందుగదిలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చిన్నకోడలు పటాన్ని గోడకి ఆన్చి పెట్టింది. సంచిలో ఒక కాగితం కూడా ఉంది. అప్పు తెచ్చిన ప్రతి వస్తువునీ తిరిగి ఇచ్చేటప్పుడు, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అందిందని సొంతదారు చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ కాగితం బయటికి తియ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు. కానీ విభాగంలో అడుగుతారు. తీసింది.

పెద్దకోడలు కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. పటాన్ని దగ్గరికి లాక్కుని నాలుగు మూలలూ చూసింది. "అద్దం బాగానే ఉంది. చెక్క బాగానే ఉంది" అంటూ సంతకం పెట్టింది.

చిన్నకోడలు నేలమీద కూలబడింది. "అక్కా, నన్ను తిట్టు. నాలుగు దెబ్బలైనా వెయ్యి. నేను ముందే చెప్పాల్సింది. చెబితే పటం తీసేసుకుంటావేమోనని భయపడ్డాను. అదే నిజం. అయినా నువ్వు నన్ను కాపాడావు."

"నిన్ను కాపాడలేదు" అంది పెద్దకోడలు, చొక్కా చేతులు లోపలికి మడుస్తూ. "అంతమందిలో నా తల్లెవరో నాకే తెలియదని గోడమీద రాసి ఉంది. అది కూడా నేను అప్పుడే చదువుతున్నానని తెలిస్తే ఇంక నాకేం మిగిలేది? నా పరువు కోసం అన్నాను. నీకోసం అనుకున్నావా?"

చిన్నకోడలు ఏడుస్తోంది. పెద్దకోడలు ఊరుకోబెట్టలేదు. మడతపెట్టిన చొక్కా పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

"మా నాన్నకి తెలుసు" అంది కాసేపటికి. "మచ్చ పెట్టమని చెప్పింది ఆయనే అయ్యుంటాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇదిగో అమ్మ అని చూపించేవాడు. ఆయన నాకోసం అబద్ధం చెప్పాడు. నువ్వు నిజం చెప్పావు, నాకు తప్ప అందరికీ. చదువుకున్నదానివి, ఏది తప్పో నువ్వే తేల్చుకో. నాకు ఆ ఓపిక లేదు."

"పటం ఎక్కడ పెట్టమంటావక్కా?" అని అడిగింది చిన్నకోడలు. ఇంకేం అడగాలో తెలియక అడిగింది.

పెద్దకోడలు చేతిలోని బట్ట ఒళ్ళో పెట్టుకుని మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎన్నాళ్ళుగానో నిద్ర లేనట్టు మాత్రం ఉన్నాయి.

"ఎక్కడ పెడితేనేం? అది కాదు నా బాధ. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆవిడే వస్తోంది. ఆవిడెవరో నాకు తెలియదు. పొమ్మంటే పోవడం లేదు, ఆవిడ వెనక మా అమ్మ ఏమైనా ఉందా అని చూస్తే ఏమీ లేదు. నాకు ఇంకో మొహం లేదు. మీ చదువులో దీనికేదైనా దారి ఉంటే చెప్పు."

ప్రొఫెసరు ముందు, పరీక్షకుడి ముందు తడుముకోకుండా మాట్లాడిన చిన్నకోడలు చాలాసేపు ఆలోచించింది. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని నోటిదాకా వచ్చిన మాటల్ని మింగేసింది.

"లేదక్కా" అంది.

ఆ పటం గురించి పెద్దకోడలి మొహం చూస్తూ ఆమె చెప్పిన మొదటి నిజం అదే. పెద్దకోడలు తల ఊపి, ఒళ్ళోని బట్ట తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది.